బ్రహ్మగారి డ్రాయింగులో తప్పులు పట్టబోయి

పరువు పోగొట్టుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. పరువు పోగొట్టుకుని, అందుకు శాలువా కప్పించుకుని, మెడలో దండతో ఫొటో కూడా దిగి ఇంటికొచ్చినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. అదీ అద్దంలో. ఆ శాలువా ఇప్పటికీ మా బీరువాలో ఉంది. నాఫ్తలీన్ ఉండలు వేసి మరీ దాచుకున్నాం. నా తెలివితేటలకు అంతకు మించిన సాక్ష్యం దొరకదు కనుక, మనవలకు చూపించాలని మా ఆవిడ పట్టుదల.

ఇది రెండు మూడేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. జ్ఞానదంతం వచ్చింది, జ్ఞానం ఇంకా దారిలో ఉంది. మా ఊరు ఆనందపురం పక్కన. మా నాన్న వంకాయలూ బెండకాయలూ పండిస్తారు. నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ చెబుతాను. క్లాసులో నేను జోకు వేస్తే పిల్లలు విరగబడి నవ్వేవారు. పేపర్లు దిద్దేది నేనే కాబట్టి నవ్వుతున్నారన్న సంగతి నాకు ఒక్కసారైనా తట్టలేదు. ఉత్తరాంధ్రలో నా అంతటి వెటకారీ పుట్టలేదనుకుని కాలర్ ఎగరేసుకుని తిరిగేవాణ్ణి.

అదే కోచింగ్ సెంటర్లో సుధ బోటనీ చెప్పేది. స్టాఫ్ రూములో ఒకే ఫ్యాను కింద రెండేళ్ళు కూర్చున్నాక ఇద్దరికీ ఒక అభిప్రాయం కలిగింది. దాన్ని వాళ్ళింట్లో చెప్పాల్సిన బాధ్యత తను తీసుకుంది. మా ఇంట్లో ఇబ్బంది లేదు. మా అమ్మ సుధ ఫొటో చూసి, "పిల్ల బాగుంది, పాపం నీకెలాగ దొరికినాది?" అని మాత్రం అడిగింది.

వాళ్ళ నాన్న కామేశ్వరరావు గారు. కోనసీమ నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్పై అయిదేళ్ళు చేసి రిటైరయ్యారు. గాజువాక వైపు, అందరూ రిటైర్డ్ ఉక్కు ఉద్యోగులే ఉండే ఓ కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. నెమ్మదస్తుడు. ఎంత చిన్నవాణ్ణయినా "అండీ" అంటారు. ఆయనకు ఒకే ఒక్క సిద్ధాంతం ఉంది. "డ్రాయింగ్ లేకుండా బోల్టు కూడా బిగించకూడదండి. బోల్టుకే డ్రాయింగ్ కావాలే, చీమ ఊరికే వచ్చేస్తుందంటారా?" సృష్టి మొత్తానికి ఎక్కడో ఒక డ్రాయింగ్ ఆఫీసు ఉందనీ, అక్కడ బల్ల ముందు కూర్చుని ఒకాయన గీస్తున్నాడనీ ఆయన నమ్మకం.

నేను జీవపరిణామం పాఠం చెప్పి బతికేవాణ్ణి. కోతి లాంటి తాతల దగ్గర్నుంచి మనం ఎలా వచ్చామో బోర్డు మీద బొమ్మలేసి మరీ చెబుతాను. పైగా అవి స్కూలు పుస్తకాల్లోంచి ఆ పాఠం తీసేశారని పేపర్లలో గొడవ జరుగుతున్న రోజులు. టీ కొట్టు దగ్గర కూడా మనిషి కోతి నుంచి వచ్చాడా లేదా అని వాదనలే.

సుధ విషయం చెబితే కామేశ్వరరావు గారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదట. "మా కాలనీ సభలో ఓ ఆదివారం మాట్లాడమనమ్మా. మనిషి మాట్లాడితే తెలిసిపోతాడు" అన్నారట.

ఆ కాలనీలో నెలకోసారి కమ్యూనిటీ హాల్లో చర్చ పెట్టుకుంటారు. కార్యదర్శి ఆయనే. ఆ నెల నుంచి నా కోసం వారం వారం పెట్టారు. అంశం, "సృష్టికి డ్రాయింగ్ ఉందా?" పెళ్ళిచూపుల్లో అమ్మాయిని పాట పాడమన్నట్టు నన్ను ప్రసంగం చేయమన్నారన్నమాట. ఏ వైపైనా మాట్లాడొచ్చు. నచ్చితే పిల్లనిస్తారు. నచ్చకపోతే కాఫీ ఇచ్చి పంపిస్తారు.

బుద్ధున్నవాడైతే వినయంగా నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. నేను స్టాఫ్ రూములో మా ఫిజిక్స్ లెక్చరర్ సన్యాసిరావు దగ్గర నా పథకం విప్పాను.

"ఏటి బావా, ఆదివారం పెళ్ళిసూపులంటగదా?" అన్నాడు.

"సూపులు కావు బావా, ఉపన్యాసం. నాను ఆల వైపే మాట్లాడతాను."

"అదేటి? నువ్వు కోతి పార్టీ కదేటి?"

"అదే కిటుకు. డ్రాయింగ్ ఉందని ఒప్పేసుకుంటాను. ఒప్పుకుని, మనిషి ఒంట్లో ఉన్న తప్పులన్నీ వరసగా సదివేస్తాను. మొహంలో నవ్వు రానీను. ఇంత తప్పుల డ్రాయింగ్ గీసినోడెవడ్రా అని ఆలకే సిగ్గేస్తాది. ఎలగుంది?"

సన్యాసిరావు చాక్‌పీసు కింద పెట్టి నా వైపు జాలిగా చూశాడు. "ఆలది గోదారి సైడు బావా. జాగర్త."

"తెలుసులే. కాజాలెడతారు."

"నాను సెప్తంది కాజాల గురించి కాదెహె..." అంటుండగానే బెల్లు కొట్టారు. నేను క్లాసుకు పోయాను. ఆ బెల్లు ఒక్క నిమిషం ఆలస్యంగా కొట్టి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. ఎనభై మంది దాకా ఉంటారు, అందరికీ తెల్లజుట్టే. జీవితమంతా దూలాలూ పైపులూ కొలిచినవాళ్ళు. ముందు వరసలో కామేశ్వరరావు గారు, పక్కన సుధ. నేను లేచి, మైకు సవరించుకుని, ఇంటి దగ్గర అద్దం ముందు తయారుచేసుకున్న గంభీరమైన మొహం పెట్టాను.

"పెద్దలారా, సృష్టికి డ్రాయింగ్ ఉంది. అనుమానం లేదు. నేను జువాలజీ చదివినవాణ్ణి, ఆ డ్రాయింగ్‌ని దగ్గరగా చూశాను. అందుకే దాని ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మీ ముందు పెడుతున్నాను.

"మొదటిది గొంతు. గాలి పైపూ అన్నం పైపూ ఒకే చోట కలిపారు. మీ ప్లాంటులో ఆక్సిజన్ లైనూ పప్పుచారు లైనూ ఒకే గొట్టంలో కలిపితే సేఫ్టీవాళ్ళు ఊరుకుంటారా? రెండోది వెన్నెముక. నాలుగు కాళ్ళ జంతువుకని దూలం గీశారు. తర్వాత మనిషి ఆర్డరు వచ్చింది. కొత్తది గీసే ఓపిక లేక ఆ దూలాన్నే నిలబెట్టి స్తంభం అన్నారు. ఇక్కడ నడుంనొప్పి లేనివారు చెయ్యెత్తండి! అపెండిక్స్ చూడండి. పాత లైను పీకకుండా చివర డమ్మీ మూత వేసి వదిలేశారు. జ్ఞానదంతాలు నాలుగు స్పేర్ పంపించారు, పెట్టుకోవడానికి జాగా పంపలేదు. మోకాళ్ళకు గ్యారంటీ యాభై ఏళ్ళే. ఇక తోక. తోక అక్కర్లేదని తీసేశారు, సంతోషం. కానీ బ్రాకెట్ మాత్రం అలాగే వదిలేశారు! కింద తడిమి చూసుకుంటే ఇప్పటికీ తగులుతుంది."

ఇక్కడ నవ్వు రావాలి. నేను దానికోసం మూడు సెకన్లు ఆగాను కూడా. రాలేదు. వెనక వరసలో ఒకాయన జేబులోంచి చేతిరుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కాయన కూడా తీశాడు. ముందు వరసలో కామేశ్వరరావు గారు తలవంచుకుని కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి. సుధ ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

అయ్యో, ఏడిపించేశానా అనుకున్నాను. మొదలుపెట్టాను కనుక ముగించాను. "అయితే పెద్దలారా, తప్పులున్నంత మాత్రాన డ్రాయింగ్ లేదనగలమా? గీసినవారికి నా నమస్కారం. సరిచూసినవారు ఎవరో చెబితే వారిని మాత్రం ఒకసారి కలవాలనుంది."

చప్పట్లు! ఇంతలేసి చప్పట్లు. కామేశ్వరరావు గారు కళ్ళు తుడుచుకుంటూ స్టేజీ ఎక్కారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట బొంగురుపోయింది.

"ఆయ్... మాట రావట్లేదండి బాబూ. ఇన్నేళ్ళుగా డ్రాయింగుంది, డ్రాయింగుంది అని అరుస్తున్నాను. నా పిచ్చి అన్నారు గానీ ఒక్క సైన్సు మేష్టారూ నా వైపు నిలబడలేదు. ఇవాళ జువాలజీ లెక్చరరు గారే నిలబడ్డారు! తప్పులు చూపించారంటే ఏవిటి? రివిజన్లున్నాయని, దిద్దుబాట్లున్నాయని. రివిజన్ ఉందంటే డ్రాయింగున్నట్టే కదండీ! ఈ ముక్క నాకెప్పుడూ తట్టలేదు."

నాకూ తట్టలేదు. ఆయన నా భుజాల మీద శాలువా కప్పారు. దండ వేశారు. ఫొటో తీశారు. ఆ ఫొటోలో నా మొహం, కోయడానికి తెచ్చిన కోడికి పూలదండ వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

మర్నాడు పొద్దున్న కోచింగ్ సెంటరు మెట్ల మీదే సన్యాసిరావు ఫోను చూపించాడు. కాలనీవాళ్ళ వాట్సప్ గ్రూపులోంచి ఎవరో పంపించారు. శాలువాతో నేను, కింద అక్షరాలు: "పరిణామవాదాన్ని ఖండించిన జువాలజీ లెక్చరర్. డ్రాయింగ్ ఉందని సభాముఖంగా ప్రకటన."

"ఏటి బావా ఇది? పార్టీ మారిపోనావేటి?"

"జోకు బావా! జోకేశాను. ఆలు నిజమనుకున్నారు."

"మరి సెప్పకపోనావా?"

"ముసలాయన ఏడ్చీసినాడు బావా. శాలువా కప్పీసినారు. ఎలగ సెప్పీది?"

క్లాసులో ముందు బెంచీ పిల్ల లేచి నిలబడింది. "సార్, పరీక్షలో పుస్తకంలో ఉన్న గడ్డపాయన సిద్ధాంతం రాయాలా, మీ సిద్ధాంతం రాయాలా?" వెనక బెంచీ నుంచి ఇంకొకడు, "సార్, తోక బ్రాకెట్ ఏ చాప్టర్లో ఉంది సార్?" అందరూ విరగబడి నవ్వారు. మార్కుల కోసం నవ్వే నవ్వుకీ నిజం నవ్వుకీ తేడా ఎలా ఉంటుందో ఆ రోజు నా చెవులకు మొదటిసారి తెలిసింది.

అదంతా ఒక ఎత్తు. స్టాఫ్ రూములో సుధ ఒక ఎత్తు.

"నువ్వు వెటకారం చేశావని నాకు తెలుసు" అంది, ఆకుల బొమ్మలున్న చార్టు చుడుతూ.

"అమ్మయ్య. మీ నాన్నకి నువ్వు మెల్లగా..."

"నేనెందుకు చెప్తాను? చేసింది నువ్వు. వచ్చే ఆదివారం మళ్ళీ సభ ఉంది. మన నిశ్చితార్థం సంగతి అక్కడే చెబుతానంటున్నారు నాన్న. నీ మాటలు పట్టుకుని ఏదో పెద్ద డ్రాయింగ్ కూడా గీస్తున్నారు. ఆలోగా ఆయనకి నిజం నీ నోటితో చెప్పు."

"చెబితే? నన్ను వెక్కిరించాడు వీడు అని పెళ్ళి మానేస్తారు సుధా!"

"చెప్పకపోతే నేను మానేస్తాను. నమ్మని మాటని నమ్మినట్టు నటించి పెళ్ళి చేసుకున్నవాడు, తర్వాత నా దగ్గర ఏవేం నటిస్తాడో?"

చెబితే మామగారు పోతారు, చెప్పకపోతే పెళ్ళికూతురే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నా విషయంలో రెండిటినీ నేనే తవ్వుకుని, మధ్యలో శాలువా కప్పుకుని నిలబడ్డాను.

మంగళవారం ధైర్యం చేసి వాళ్ళింటికి వెళ్ళాను. కామేశ్వరరావు గారు హాల్లో తన పాత డ్రాయింగ్ బల్ల వేసుకుని, పెద్ద కాగితం మీద వంగి గీస్తున్నారు. నన్ను చూడగానే దాని మీద దుప్పటి కప్పేశారు.

"రండి సార్, రండి! ఇది ఆదివారం దాకా చూడకూడదండి. అంతా మీ చలవే. కూర్చోండి, పెసరట్టేయిస్తాను."

"అంకుల్, ఆ రోజు నేను మాట్లాడింది..."

"అదే చెప్పబోతున్నాను. మీరు గొంతు గురించి చెప్పాక నాకు మంచినీళ్ళు తాగాలంటే భయంగా ఉందండీ. ఏ పైపులోకి పోతున్నాయో అని చూసుకుంటూ తాగుతున్నాను. ఎంత బాగా చెప్పారు! ఇంకోటి వేయించుకోండి."

"కాదంకుల్, అదంతా నేను..."

"అల్లం పచ్చడి వేసుకోండి. మా మోకాళ్ళు సరేసరి, గ్యారంటీ అయిపోయిందని మీరు చెప్పేదాకా ఎవరి మీద కేసెయ్యాలో తెలీలేదు."

పెసరట్లు నాలుగు తిన్నాను. నిజం ఒక్కటీ చెప్పలేదు. నోట్లో పెసరట్టుండగా నిజం చెప్పకూడదని ఎక్కడా రాసి లేదు గానీ, నేను అలాగే అనుకుని బయటపడ్డాను.

గురువారం పొద్దున్నే ఆయనే పెదవాల్తేరులో నా గది ముందు స్కూటరు ఆపారు. "జాలరిపేటకి చేపలకొచ్చానండి. మీరూ రండి. ఓ పని కూడా ఉంది, మీ సాయం కావాలి."

ఒడ్డున ఆడవాళ్ళు బుట్టల ముందు కూర్చుని వంజరం, కానాగంతలు అమ్ముతున్నారు. ఆయన బేరం ఆడకుండా వాళ్ళను దాటుకుని, ఇసకలో బోర్లించిన ఒక కర్రపడవ దగ్గరికి నన్ను తీసుకెళ్ళారు. ఎల్లాజీ అనే ముసలాయన దాని పలకల సందుల్లో నార కూరుతున్నాడు. ఇప్పుడందరూ ఫైబర్ బోట్లే కొంటున్నా, చెక్కతో చేసే చెయ్యి ఆ ఒడ్డున ఇంకా ఆయనదొక్కటే మిగిలిందట.

"తాతా, ఈ పడవ చేసింది నువ్వేనా? దీని డ్రాయింగ్ ఎక్కడుంది?" అనడిగారు కామేశ్వరరావు గారు.

"డ్రాయింగంటే ఏటి బాబూ?"

"అదేనయ్యా, కాయితం మీద బొమ్మ. కొలతలూ అవీ."

"సముద్రం కాడ కాయితమేటి బాబూ, తడిసిపోదేటి?"

"మరి ఎంత పొడుగో, ఎంత వంపో ఎలా తెలిసింది?"

"మా అయ్య సేసిన పడవుంది గదా. దాన్ని సూసి సేసినాను. మా అయ్య ఆలయ్య పడవ సూసి సేసినాడు. నాను మూతికాడ కూసింత పైకెత్తినాను."

"ఎత్తితే మంచిదని నీకెవరు చెప్పారు?"

ముసలాయన నార పక్కన పెట్టి సముద్రం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "అదే సెప్తాది. బాగున్న పడవ తిరిగొస్తాది. తిరిగొచ్చినదాన్ని సూసి ఇంకోటి సేత్తాం. తిరిగి రానిదాన్ని సూసి ఎవుడైనా సేత్తాడేటి బాబూ?"

నేను మూడు వారాలు, నాలుగు రంగుల చాక్‌పీసులు ఖర్చు పెట్టి చెప్పే పాఠాన్ని ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ఆ క్షణంలో ఆయన కాళ్ళ మీద పడాల్సింది. కానీ కామేశ్వరరావు గారు నా వైపు తిరిగి, అమాయకంగా, "ఏవండీ సార్, తాత డ్రాయింగ్ లేదంటున్నాడు. మన వైపు నుంచి మీరు జవాబు చెప్పాలి" అన్నారు.

మన వైపు! నేను గుటక వేశాను. ఏ పైపులోకి పోయిందో తెలియదు, దగ్గొచ్చింది. "అంటే అంకుల్... ఎక్కడో ఒకచోట డ్రాయింగ్ ఉండే ఉంటుంది. అదీ... తడిసిపోయి ఉంటుంది."

ఎల్లాజీ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఈ బాబు ఏటి సేత్తంటాడు?"

"కాలేజీ లెక్చరరు. ప్రాణులు ఎలా పుట్టాయో పిల్లలకి చెబుతారు."

"పాపం, పిల్లలు" అని ముసలాయన మళ్ళీ నార కూరుకోసాగాడు.

నన్ను నా జన్మలో ఎవరూ అంత చక్కగా తిట్టలేదు. చేపల సంచీ పట్టుకుని స్కూటరు వెనక కూర్చున్నంతసేపూ సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కామేశ్వరరావు గారిని వెక్కిరించానన్న సిగ్గు పోయి, అంతకంటే పెద్దది మొదలైంది. నిజం తెలిసిన ముసలాయన ముందు, నిజం తెలిసి కూడా అబద్ధం ఆడానన్న సిగ్గు. శుక్రవారం నిద్ర లేదు. శనివారమూ లేదు. ఆదివారం సాయంత్రం శాలువాని మడత పెట్టి సంచీలో వేసుకుని హాలుకు వెళ్ళాను.

మళ్ళీ అదే జనం. స్టేజీ మీద చుట్టచుట్టిన పెద్ద కాగితం. కామేశ్వరరావు గారు మైకు పట్టుకుని, "ఇవాళ రెండు శుభవార్తలు. ఒకటి ఈ డ్రాయింగ్, రెండోది..." అంటూ ఉండగానే నేను పరిగెత్తినట్టుగా స్టేజీ ఎక్కాను. శాలువా తీసి బల్ల మీద పెట్టాను.

"అంకుల్, రెండోది చెప్పేముందు నన్నో మాట చెప్పనివ్వండి. పోయిన ఆదివారం నేను మాట్లాడిందంతా వెటకారం. డ్రాయింగ్ ఉందని నేను నమ్మను. మీ నమ్మకాన్ని నలుగురిలో నవ్వులాట చేద్దామనే, మీ వైపు మాట్లాడుతున్నట్టు నటించాను. మీరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అప్పుడే చెప్పాల్సింది, భయపడ్డాను. మొన్న ఒడ్డు మీద తాత చెప్పిందే నాకు తెలిసిన సైన్సు. నేను చెప్పేది రేపైనా అదే. నన్ను క్షమించండి. అమ్మాయినిస్తే అదృష్టం అనుకుంటాను. ఇవ్వకపోతే... ఆ శాలువాని ఉతికించే తెచ్చానండి."

ఆఖరి వాక్యం నేను రాసుకున్నది కాదు. భయంలో అదే వచ్చేసింది.

వెనక వరసలో చేతిరుమాళ్ళు మళ్ళీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కామేశ్వరరావు గారు కూడా రుమాలు మొహానికి పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. మళ్ళీ ఏడిపించానురా దేవుడా అని, లేడన్న దేవుణ్ణే తలుచుకుంటుండగా ఆయన చేతిలోని రుమాలు జారి కింద పడింది.

ఆయన నవ్వుతున్నారు. కళ్ళవెంట నీళ్ళు కారేంత నవ్వు. వెనక వరసాయన కుర్చీలోంచి జారిపోయేలా నవ్వుతున్నాడు. హాలు మొత్తం, వారం రోజుల నవ్వు దాచుకున్నట్టు, ఒక్కసారి బద్దలైంది.

"సార్, మీదే ఊరండీ?" అన్నారు ఆయన, ఊపిరి తిప్పుకుని.

"ఆనందపురం దగ్గరండి."

"మాది?"

"కోనసీమ..."

"ఆయ్. ఈ హాల్లో సగం మందిది గోదారి ఒడ్డేనండి. మా దగ్గరికి వెటకారం పట్టుకొస్తారా? తాతకి దగ్గులు నేర్పడం విన్నాను గానీ, దగ్గుమందు సీసా కూడా వెంటపెట్టుకొచ్చినవారిని మిమ్మల్నే చూశాను. పప్పుచారు లైను దగ్గరే నాకు ఆగలేదండి బాబూ. బ్రాకెట్ దగ్గరకొచ్చేసరికి ఊపిరాడక చచ్చిపోతాననుకున్నాను. మీరు ఏడుపనుకుంటున్నారని అర్థమైంది. సరే, వెటకారానికి వెటకారమే జవాబని శాలువా కప్పాను."

సన్యాసిరావు చెప్పబోయింది కాజాల గురించి కాదని అప్పుడు తెలిసింది.

"మరి పడవ తాత?"

"అది మాత్రం మిమ్మల్ని చూద్దామనే. అంత ముచ్చటగా చెప్పినవాడి ముందు కూడా నిజం మింగేస్తారా అని. మింగేశారు. ఆ రోజు ఇంటికెళ్ళి డ్రాయింగ్‌లో ఒక నోటు రాసుకున్నాను, చూడండి."

చుట్ట విప్పారు. నిలువెత్తు కాగితం మీద చక్కటి గీతలతో ఒక మనిషి. మెడలో దండ, భుజాన శాలువా, నా ముక్కే, నా కళ్ళజోడే. అన్నం పైపు, గాలి పైపు, మోకాళ్ళు, కింద తోక బ్రాకెట్ కూడా వదల్లేదు. ప్రతిదానికీ బాణం గుర్తు, కొలత. కింద కుడిమూల పెట్టెలో పేరు: "అల్లుడు. రివిజన్ సున్నా." గీసినవారు: బ్రహ్మ. సరిచూసినవారు: కామేశ్వరరావు. ఆమోదం అన్న గడి ఖాళీ.

వీపు దగ్గర బాణం గుర్తు పక్కన ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంది. "వెన్నెముక: డ్రాయింగ్‌లో ఉంది. సైట్‌లో కనబడలేదు."

హాలు పగలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. ఆ ఎర్రవాక్యాన్ని అడ్డంగా ఒక్క గీత గీసి కొట్టేశారు. పక్కన అందమైన అక్షరాలతో, "రివిజన్ ఒకటి: వెన్నెముక అమర్చబడినది" అని రాశారు. ఆమోదం గడిలో సంతకం పెట్టారు. అదే శాలువా మళ్ళీ నా భుజాల మీద వేసి, మైకుకి దూరంగా, నాకు మాత్రమే వినబడేలా అన్నారు.

"డ్రాయింగుందని నేను ఇప్పటికీ నమ్ముతానండి. ముప్పై అయిదేళ్ళు గీసినవాణ్ణి, పైన గీసేవాడు ఎవడూ లేడంటే నాకు ఒంటరిగా ఉంటుంది. మీరు నమ్మక్కర్లేదు. మనిద్దరం పోట్లాడుకుంటూ పెసరట్లు తినొచ్చు. నన్ను ఏడిపించాననుకుని మీరు నిద్ర మానేశారే, నాకది చాలు."

ఇప్పుడు రుమాలు నాకు కావాల్సి వచ్చింది. ఆయనదే తీసుకున్నాను.

కిందకి దిగాక సుధను నిలదీశాను. "నీకూ తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. ఇంటికెళ్ళాక నాన్న గంటసేపు నవ్వారు. నిజం చెప్పే ధైర్యం నీకు లేదని ఆయన పందెం. ఉందని నా పందెం. నీ వల్ల ఆ గురువారం నాకు గుండె ఆగినంత పనైంది" అంది. ఆ మాటకి నేను కరిగి నీరైపోయాను. గెలిచినందుకు వాళ్ళ నాన్న తెప్పించిన కాజాల పొట్లం మాత్రం తనే తినేసింది.

పెళ్ళయింది. ఆ డ్రాయింగ్ మా హాల్లో, ఇంటికొచ్చిన ప్రతివాడికీ కనబడేలా గోడకు వేలాడుతోంది. మావయ్య ప్రతి పెళ్ళిరోజుకీ పెన్ను పట్టుకుని వస్తారు. మొన్న మూడో రివిజన్ రాశారు. "పొట్ట: డ్రాయింగ్‌లో లేదు. సైట్‌లో అదనంగా పెరిగినది." అది పరిసరాలకు తగ్గట్టు జరిగిన పరిణామమని నా వాదన. కాదు, ముందే వేసుకున్న పథకం ప్రకారం జరుగుతున్న నిర్మాణమని ఆయన వాదన. వంట చేసే మా ఆవిడ ఎవరి వైపూ మాట్లాడదు, ఇంకో గరిటె వడ్డిస్తుంది. ఎల్లాజీ తాతని పెళ్ళికి పిలిచాం. భోజనం చేసి వెళ్తూ, "పిల్లలకి ఇప్పుడు సరిగ్గా సెప్తన్నావా బాబూ?" అని మాత్రం అడిగాడు.

కనుక ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమంటే: గోదావరి నీళ్ళు తాగి పెరిగిన ఏ ప్రాణి ఎదుటా, అది మనిషైనా, మేకైనా, పులసైనా సరే, నేను ఇక మీదట వెటకారం ఆడను. చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నవాణ్ణి చూసి ఏడుస్తున్నాడనుకోను. బ్రహ్మగారి డ్రాయింగ్‌లో తప్పులు పట్టే ముందు నా వీపు ఒకసారి తడిమి చూసుకుంటాను. నా వెన్నెముక సాక్షిగా, బ్రాకెట్ సాక్షిగా ఇదే నా ప్రమాణం.

అచ్చుకి పంపేముందు ఈ ప్రమాణాన్ని మావయ్యకి గంభీరంగా చదివి వినిపించాను. ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదలసాగాయి.